కొబ్బరాకుల సందున ఆకాశం

కార్తికమాసం, ఆదివారం. తెల్లవారకముందే కాకినాడలో బయలుదేరి, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరేసరికి రేవులో జనం స్నానాలు చేస్తున్నారు. అరటి దొప్పల్లో దీపాలు గౌతమి మీద తేలుతూ పోతున్నాయి. సోమేశ్వరుడికి బయటినుంచే దండం పెట్టుకుని పంటు ఎక్కాను. చుట్టూ మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, తడి బట్టలతో భక్తులు. అవతలి ఒడ్డున ముక్తేశ్వరం. అక్కడినుంచి ఆటోలో కొంతదూరం పోయి, కాలువ గట్టు మీద దిగి నడవాలి.

చదువుకునే రోజుల్లో నాకు కరాటే నేర్పిన గురువు, "కటా అంటే ఏమిటో తెలియాలంటే కోనసీమ వెళ్లి మా మాస్టారిని చూడు" అనేవారు. కరాటేలో ఒక వరసగా కూర్చిన కదలికలను ఒంటరిగా చేసే అభ్యాసమే కటా. ఇరవై ఏళ్లు వాయిదా వేస్తూ వచ్చాను. ఈలోగా ఆ పెద్దాయనకు డెబ్బై ఆరేళ్లు నిండాయి. ఇక ఆలస్యం చేస్తే నన్ను నేను క్షమించుకోలేననిపించి బయలుదేరాను.

కొబ్బరితోట మధ్య పెంకుటిల్లు, ముందు ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం. కళ్లమంతా మంచుతో తడిసి ఉంది. పదిమంది పిల్లలు తెల్ల దుస్తుల్లో ఒక పక్కన కూర్చున్నారు. మాస్టారు లోపలినుంచి వచ్చారు. సన్నని మనిషి. నడుముకు కట్టిన నల్ల బెల్టు అంచుల దగ్గర నలుపు పోయి, లోపలి తెల్లనూలు పోగులు పోగులుగా బయటపడింది. ఏళ్ల తరబడి రోజూ ముడివేస్తే తప్ప బెల్టు అలా కాదు. చిన్నతనంలో అమలాపురం దసరా వీధుల్లో, చెడీ తాలింఖానా అనే సంప్రదాయ సాము ప్రదర్శనలో కర్ర తిప్పిన చేతులవి. కరాటే తర్వాత వచ్చింది.

ఆయన ఎంచుకున్నది కంకు దాయ్. 18వ శతాబ్దంలో, ఇప్పుడు జపాన్‌లో ఉన్న ఒకినావా దీవికి వచ్చిన కుషాంకు అనే చైనీయుడి పేరుతో వాడుకలో ఉన్న కటా ఇది. ఒకినావానుంచి కరాటేను 1922లో టోక్యోకు తీసుకువెళ్లిన ఫునాకోషి గిచిన్ దీనికి కంకు అని పేరు మార్చారు. ఆకాశాన్ని చూడడం అని ఆ మాటకు అర్థం. మొత్తం 65 కదలికలు. ఎదురుగా ఎవరూ ఉండరు, అయినా ప్రతి కదలికా ఎవరో ఒకరి దెబ్బకు జవాబే.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఒకినావాకే చెందిన ర్యో కియునా కటాలో స్వర్ణం గెలిచినప్పుడు టీవీ ముందునుంచి కదలలేదు నేను. ఆ వేగానికి, ఆ బిగువుకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను. కటా అంటే అదేనని అనుకుంటూ వచ్చాను కూడా.

మాస్టారు పాదాలు దూరంగా పెట్టి నిలబడి, వేళ్ల కొసలు కలిపి, రెండు చేతులూ మెల్లగా పైకెత్తారు. బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య ముక్కోణం ఏర్పడింది. ఆ సందులోంచి పైకి చూశారు. ఎంతసేపని! పిల్లలెవరూ కదల్లేదు. ఆ చేతులు విడిపోయి పెద్ద వలయంలా కిందికి దిగుతుంటే నా ఊపిరి కూడా వాటితోపాటే దిగింది. ఆ తర్వాత వేగం వచ్చింది, కానీ అవసరమైన చోటనే. గుద్దు విసిరే ముందు భుజం బిగుసుకోలేదు. తుంటి తిరిగింది, చేయి దాని వెంట వెళ్లింది, అంతే. ఒకచోట ఒక్కసారిగా నేలమట్టానికి వంగి, అరచేతులు కళ్లానికి ఆనించి, మళ్లీ లేచారు. ఎగిరి తన్నేచోట పాదాలు జానెడు కూడా లేవలేదు. అయినా ఆ తన్ను ఎవరికి తగలాలో వాడు నా కళ్లకు కనిపించాడు. ఉన్న బలాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో అంత కచ్చితంగా తెలిసిన శరీరాన్ని నేను మరెక్కడా చూడలేదు.

చివరి కేకకు కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

"అంతసేపు ఏం చూశారు మాస్టారూ?" అని అడిగాను.

"చూడడానికే కదమ్మా చేతులెత్తేది. చూడకుండా దించేస్తే ఎలా?" అన్నారు. "ఇవాళ కొబ్బరాకుల మధ్య కొంచెం ఆకాశం ఉంది, ఒక కొంగ వెళ్లింది."

అప్పుడు కళ్లం వైపు చూశాను. మంచు తడి మీద ఆయన పాదాలు జరిగిన జాడలు అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్నాయి. ఎక్కడా తడబడిన గుర్తు లేదు. మొదలుపెట్టిన చోటి పాదముద్రల మీదే చివరి పాదముద్రలు పడ్డాయి.

"వాటిలో నిలబడు" అన్నారు. చెప్పులు విడిచి వెళ్లి నిలబడ్డాను. మాస్టారు చేతిలోని కొబ్బరి ఈనెతో నా కుడి మడమను తాకి, "ఇది ఇంకా నేల మీదికి రాలేదు" అన్నారు. మడమ ఆనించాను. సిమెంటు చల్లగా తగిలింది. వేళ్ల కొసలు కలిపి చేతులు ఎత్తాను.