పళ్ళ డాక్టరుకి ప్లేట్‌లెట్లతో పనేంటి?

గురువారం, రాత్రి

బీడీఎస్ ఫస్టియర్ పిల్లలకి అన్నిటికన్నా ప్రాణం మైనం ముక్క. డెంటల్ అనాటమీ కోసం దాన్ని చెక్కి ప్రీమోలార్ (దవడ ముందు పన్ను) చెయ్యాలి. నా ఫిజియాలజీ క్లాసులో వెనక బెంచీల కింద ఆ చెక్కుడు నడుస్తూనే ఉంటుంది. నేను గుండె గురించి చెబుతుంటే కింద మైనం పొట్టు రాలుతుంటుంది. చూసీ చూడనట్టు ఊరుకుంటాను. వాళ్ళు డెంటిస్టులు కావాలని వచ్చారు. చేతిలో పన్ను తయారవుతుంటే బోర్డు మీది నెఫ్రాన్, అదే కిడ్నీలో రక్తం వడగట్టే గొట్టం, ఎవడికి కావాలి?

నేను డెంటిస్టుని కాను. ఎంబీబీఎస్ తర్వాత ఫిజియాలజీలో ఎండీ చేసి, డెంటల్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. "పళ్ళ కాలేజీలో గుండె పాఠం ఎందుకు?" అని అత్తాపూర్‌లో మా పక్కింటావిడ నుంచి పెళ్ళిళ్ళలో కలిసే చుట్టాల దాకా అందరూ అడిగేశారు. మా పిల్లలూ అదే అడుగుతారు, కాకపోతే కాస్త మర్యాదగా. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. రెండో ఏడాది పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ. మూడో ఏడాది జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ. సగం ఎంబీబీఎస్ చదివించి పళ్ళ డాక్టర్ అని పేరు పెడుతున్నారని వాళ్ళ గోల.

ఇవాళ బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్ ప్రాక్టికల్. ఏడాది మొత్తం మీద నాకు బాగా నచ్చే ప్రాక్టికల్ ఇది. వేలి కొసని స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, లాన్సెట్‌తో గుచ్చాలి. వేలు నొక్కకూడదు. ముప్ఫై సెకన్లకోసారి ఫిల్టర్ పేపర్ అంచుని ఆ రక్తపు బొట్టుకి తాకించాలి, గాయానికి తగలకుండా. కాగితం మీద మొదటి చుక్క శనగగింజంత ఉంటుంది. తర్వాతది కాస్త చిన్నది. అలా తగ్గుతూ తగ్గుతూ చివరికి కాగితానికి ఏమీ అంటదు. మామూలుగా అయిదు నిమిషాల లోపు ఆగిపోతుంది. ఆ ఆపిన పని ప్లేట్‌లెట్లది, అంటే గాయం దగ్గర ఒకదానికొకటి అతుక్కుని అడ్డుకట్ట వేసే చిట్టి రక్తకణాలది.

క్లాటింగ్ టైమ్ వేరే సంగతి. సన్నటి గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి, అరనిమిషానికోసారి కొంచెం కొంచెం విరుస్తూ పోవాలి. మొదట పుటుక్కున విరిగి రెండు ముక్కలూ విడిపోతాయి. నాలుగో నిమిషమో అయిదో నిమిషమో వచ్చేసరికి విరిచిన రెండు ముక్కల మధ్య ఒక ఎర్రటి పోగు సాగుతుంది. అదే ఫైబ్రిన్, రక్తపు గడ్డని కట్టి ఉంచే ప్రోటీన్ పోగు. ఆ పోగు కనబడగానే "మేడమ్! మేడమ్!" అని అరవని పిల్లని నేనింతవరకు చూడలేదు. మైనం చెక్కేవాళ్ళు కూడా లేచి వస్తారు.

ఈ రెండు పరీక్షలూ ఒకటి కాదని వాళ్ళ బుర్రకి ఎక్కించడమే నా తాపత్రయం. హిమోఫిలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉన్న పిల్లాడికి బ్లీడింగ్ టైమ్ చూస్తే మామూలుగానే ఉంటుంది. ప్లేట్‌లెట్లు బాగానే ఉంటాయి కాబట్టి చిన్న గుచ్చుకి అవి అడ్డుకట్ట వేసేస్తాయి. లోపం క్లాటింగ్ ఫ్యాక్టర్‌లో, అంటే రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్‌లో ఉంది. వాడికి పన్ను పీకితే మాత్రం మొదట ఆగినట్టే ఆగి, ఇంటికెళ్ళాక మొదలవుతుంది. "వేలికి ఆగిందిగా" అని ధైర్యపడి పీకిన డాక్టరుకి ఆ రాత్రి నిద్ర ఉండదు. డయాలిసిస్ మీదున్న మనిషికి దాదాపు తిరగబడుతుంది: ఫ్యాక్టర్లు ఉంటాయి, ప్లేట్‌లెట్ల లెక్కా సరిపోతుంది, కానీ అవి పని సరిగ్గా చెయ్యవు.

ఇంతలో ఒక కుర్రాడు పడిపోయాడు. ఆరడుగుల మనిషి, రోజూ జిమ్‌కి వెళ్ళే శాల్తీ. పక్కవాడి వేలి మీద రక్తం చూశాడు, అంతే. ముందు మొహం పాలిపోయింది, పై పెదవి మీద చెమట పట్టింది, "మేడమ్ నాకు ఏదోలా..." అంటూనే స్టూలు మీంచి జారాడు. పిల్లలంతా గుమిగూడారు. "షుగర్ డౌన్ అయిందిరా" అని ఒకడు గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్ళు పట్టుకొచ్చి నోట్లో పోయబోయాడు. సీసా లాక్కుని పక్కన పెట్టాను. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్ళూ ఎత్తి స్టూలు మీద పెట్టించాను. తర్వాత గ్లూకోజ్ పిల్లాడి వేళ్ళు తీసుకుని పడిపోయినవాడి మణికట్టు మీద పెట్టి నాడి చూడమన్నాను. "చాలా స్లోగా ఉంది మేడమ్" అన్నాడు, నమ్మలేనట్టు. భయపడితే గుండె దడదడ కొట్టుకోవాలి కదా అని వాడి లెక్క. ఇక్కడ మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ నరం గుండెని నెమ్మది చేసేసింది, కాళ్ళలో రక్తనాళాలు వదులయ్యాయి, రక్తం కిందనే ఉండిపోయింది, మెదడుకి చాల్లేదు. కాళ్ళెత్తితే ఆ రక్తం వెనక్కి వస్తుంది. వచ్చింది కూడా. నిమిషం తిరక్కుండానే కళ్ళు తెరిచి "టిఫిన్ తినలేదు మేడమ్, అందుకే" అన్నాడు. అమ్మాయిల ముందు పరువు సమస్య. నేనూ సరే అన్నాను.

ఈ పాఠం నా షెడ్యూల్‌లో ఇంకా రాలేదు. వచ్చినప్పుడు వేసోవేగల్ సింకపీ అని బోర్డు మీద రాస్తే నోట్సులో రాసుకునేవాళ్ళు. డెంటల్ కుర్చీలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ఎమర్జెన్సీ ఇదే. సూది చూసి పడిపోయే పేషెంట్ వాళ్ళకి జీవితమంతా వస్తూనే ఉంటాడు. చెయ్యాల్సిందల్లా కుర్చీని వెంటనే వెనక్కి పడుకోబెట్టి కాళ్ళు పైకి ఎత్తడం. నెలలు నిండిన గర్భిణి అయితే ఎడమ పక్కకి తిప్పాలి, లేకపోతే కడుపు బరువు పెద్ద సిర మీద పడి రక్తం గుండెకి తిరిగి రాదు.

మధ్యాహ్నం టిఫిన్ బాక్సుల దగ్గర ఫార్మకాలజీ మేడమ్‌తో వాదన. మా ఇద్దరికీ ఇది ఒక అలవాటు, ఆవిడ పులిహోర లాగే. నా ఫిర్యాదు పాతదే: డెంటల్ పిల్లలకి మనం చెప్పేది కుదించిన ఎంబీబీఎస్. కుదించేటప్పుడు అన్నీ సమానంగా కుదించారు. మూత్రం చిక్కబడే విధానానికి పెద్ద ప్రశ్న ఉంటుంది, రోజుకి లీటరు దాకా ఊరే లాలాజలానికి అరపేజీ. తీరా కుర్చీ దగ్గరికి వెళ్ళాక వాళ్ళు చూసేది ఆ లాలాజలాన్నే. కిడ్నీ వద్దనడం లేదు. డైక్లోఫెనాక్ దగ్గర్నుంచి మొదలుపెట్టి కిడ్నీ చెప్పమంటాను. పంటి నొప్పికి చీటీ మీద మొదట పడేవి ఇలాంటి గోలీలే. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని, కష్టకాలంలో, తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. గోలీ వాటినే ఆపేస్తుంది. అప్పటికే కిడ్నీ దెబ్బతిన్న మనిషికి అది చాలు.

ఆవిడ ఒప్పుకోలేదు. "మామూలు శరీరం ఎలా పనిచేస్తుందో తెలియకుండా కేసులు చెబితే రూళ్ళు బట్టీ పడతారమ్మా. రూలులో లేని పేషెంట్ వస్తే బిక్కమొహం వేస్తారు" అంది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆవిడే వెంటనే తన గోడు మొదలుపెట్టింది. పన్ను దగ్గర తిమ్మిరెక్కించే మందు లిగ్నోకైన్, రెండు శాతంది, రెండు ఎంఎల్ ఇస్తే ఎన్ని మిల్లీగ్రాములు వెళ్ళిందని అడిగితే థర్డియర్ వాళ్ళు ఫోన్ తీస్తున్నారట. నలభై. అందులో ఎనభై వేలకి ఒకటి చొప్పున అడ్రినలిన్ కలిపారంటే ఎంఎల్‌కి పన్నెండున్నర మైక్రోగ్రాములు. గుండె జబ్బు మనిషికి నలభై మైక్రోగ్రాములు దాటకూడదంటే మూడు ఎంఎల్ దగ్గర ఆగాలి. అయిదో తరగతి లెక్క, అడ్రినలిన్ పేరు వినేసరికి టెన్షన్.

అడ్రినలిన్ మాట వస్తే నాకు హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు గుర్తొస్తాయి, అప్పట్లో సర్జరీకి వాడే ఆ మత్తుమందు ఎంత ప్రమాదమో తేల్చడానికి వేసినవి. 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి. హైదరాబాదు బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు, రెండో దానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. క్లోరోఫారం మనిషిని చంపితే ఊపిరి ఆపి చంపుతుందే తప్ప గుండెని నేరుగా ఏమీ చెయ్యదని వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి తేల్చారు. అది తప్పని తర్వాత బయటపడింది. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు: మత్తు పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి ఆగిపోతుంది. ఈ హైదరాబాదు మెడికల్ స్కూల్లోనే చదివి, ఆ కమిషన్ల రోజుల్లోనే క్లోరోఫారం ఇవ్వడం నేర్చుకున్న రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్ అంటారు.

ఆ మత్తుకి దారి తీసింది పళ్ళ డాక్టర్లు. 1844లో హోరేస్ వెల్స్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. 1846లో విలియం మోర్టన్ బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి సర్జరీ చేయించాడు. ఇద్దరూ డెంటిస్టులే. "ఈసారి కూడా నీట్ రాస్తాను మేడమ్, ఎంబీబీఎస్ వస్తే వెళ్ళిపోతా" అని దిగులుగా చెప్పే పిల్లలకి ఈ కథ చెబుతుంటాను. వింటారు, నవ్వుతారు, మళ్ళీ అప్లికేషన్ పెడతారు. ఇంట్లో పెద్దవాళ్ళ మాట ముందు నా వెల్స్ ఎంత, మోర్టన్ ఎంత.

మూడింటికి ఓపీ వైపు వెళ్ళాను. నా డ్యూటీ కాదు, ఎవరూ రమ్మనలేదు కూడా. పాఠం ఎక్కడికి చేరిందో చూడాలని అప్పుడప్పుడు వెళ్తాను. పళ్ళు పీకే గదిలో చేవెళ్ళ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. కింది దవడ పన్ను కదులుతోంది. హౌస్ సర్జన్ అమ్మాయి హిస్టరీ రాసుకుంటోంది.

"తాతా, బీపీ, షుగర్, గుండె ప్రాబ్లం ఏమన్నా ఉందా?"

"గుండెకు స్టంట్ ఏసిన్రు బిడ్డా, పోయిన యేడు. రక్తం పల్చగ జేసే గోలీ ఇచ్చిన్రు. పన్ను పీకుతరని నిన్ననే బంద్ జేసిన. లేకుంటే రక్తం ఆగదట గద."

"మంచి పని చేశావ్ తాతా" అంది ఆ పిల్ల, తేలిగ్గా ఊపిరి తీసుకుని.

చీటీ చూశాను. ఆస్పిరిన్ 75, రోజూ ఒకటి. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి "ప్లేట్‌లెట్‌కి న్యూక్లియస్ ఉంటుందా?" అన్నాను. వింతగా చూసింది. "ఉండదు మేడమ్." అంతవరకూ గుర్తుంది. న్యూక్లియస్ లేదంటే, అతుక్కోవడానికి తోడ్పడే ఎంజైముని ఆస్పిరిన్ పాడుచేస్తే మళ్ళీ తయారుచేసుకోలేదు. అది బతికే ఏడు నుంచి పది రోజులూ అంతే. రోజుకి పదో వంతు మాత్రమే కొత్తవి పుడతాయి. మరి నిన్న ఒక్క గోలీ మానితే ఈ పంటికి ఒరిగిందేంటి? ఆ అమ్మాయి మొహంలో లెక్క నడవడం కనిపించింది. "ఏమీ లేదు మేడమ్... స్టెంట్‌కి మాత్రం రిస్క్." ఫస్టియర్లో ఆ పిల్లకి నేనే చెప్పాను. వైవాలో బాగానే చెప్పి ఉంటుంది కూడా.

ఓరల్ సర్జరీ సార్ వచ్చి బీపీ చూసి, చీటీ అంతా చదివి, ఆ గోలీ కోసం పన్ను వాయిదా వేసే పనే లేదన్నారు. మత్తిచ్చి, నెమ్మదిగా తీసి, ఒక కుట్టు వేసి, గాజుగుడ్డ మడిచి పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమన్నారు. అరగంట తర్వాత తీసి చూస్తే గుంటలో నల్లెర్రగా గడ్డ కట్టి కూర్చుంది. "ఉమ్మొద్దు, ఇయ్యాల పుక్కిలించొద్దు, రాత్రికి గోలీ వేస్కో తాతా" అని హౌస్ సర్జన్ అమ్మాయే చెప్పింది. "మళ్ళ ఏస్కోవాల్నా?" అని ఆయన అనుమానం. రోజూ వేసుకోవాలని, గుండె డాక్టర్ని అడక్కుండా ఎవరు చెప్పినా మానొద్దని రెండుసార్లు చెప్పింది.

తిరిగి వస్తుంటే మెహిదీపట్నం దగ్గర వాన. బస్సు కదలదు. ఆ ఖాళీలోనే వచ్చే వారం ఇంటర్నల్ పేపర్‌లో ఒక ప్రశ్న కొట్టేసి కొత్తది రాశాను. "రక్తం గడ్డకట్టే దశలను వివరించుము" పోయి, స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్ వాడుతున్న మనిషి పన్ను పీకించుకోవడానికి ఒక్కరోజు ముందు గోలీ మానేశాడు, బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్‌లలో ఏది మారి ఉంటుంది, ఎందుకు, అని వచ్చింది. ఫార్మకాలజీ మేడమ్‌కి వాట్సాప్‌లో పంపాను. "ఫస్టియర్ వాళ్ళకా? ఏడుస్తారు" అని రాసింది. కాసేపటికి ఇంకో మెసేజ్: "అయిదు మార్కులు చాలదు, పది పెట్టు."