సెల్‌లో ఉరి ఘటన తర్వాత: సిబ్బందికి తోడుగా నెల రోజుల పని

ఖైదీ ఉరేసుకుంటే తాడు కోసి దించేది, డాక్టర్ వచ్చేదాకా ఛాతీ నొక్కుతూ ఉండేది డ్యూటీలో ఉన్న వార్డరే. అదే మనిషి ఆ రాత్రే రిపోర్టు రాయాలి, లెక్క సరిచూసి తాళాలు వేయాలి. అలాంటి సిబ్బందికి సాటి ఉద్యోగిగా తోడుండే పని నాది.

నేను ముందు చూసేది డ్యూటీ చార్టు. మనిషిని ఆ పోస్టు నుంచి తప్పించాలి, ఇంటికి ఫోన్ చేయనివ్వాలి, ఒంటరిగా బండి నడుపుకుంటూ వెళ్లనివ్వకూడదు. కొన్నాళ్లు ఆ బ్లాకు, నైట్ డ్యూటీ రెండూ వద్దు. అలాగని బలవంతంగా సెలవు పెట్టించినా చేటే. ఇంట్లో ఒక్కడే కూర్చుంటే అదే దృశ్యం మళ్లీ మళ్లీ తిరుగుతుంది.

అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి జరిగింది పూసగుచ్చినట్టు చెప్పించే అలవాటు ఇంకా పోలేదు. అది పీటీఎస్‌డీని, అంటే భయంకర ఘటన తర్వాత మనసును వదలని మానసిక రుగ్మతను, ఆపదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2018లో ఇచ్చినవి కూడా వద్దనే చెబుతాయి. బ్రిటిష్ రాయల్ మెరైన్స్‌లో మొదలైన ట్రిమ్ అనే, సాటి ఉద్యోగులే తోడుండే పద్ధతి నాకు నచ్చుతుంది: మూడు రోజులు గడిచాక ఒకసారి, నెల తిరిగాక మరోసారి విడిగా మాట్లాడతాం. నిద్ర, తాగుడు, చిరాకు, తనను తాను నిందించుకోవడం గురించి అడుగుతాం. "ఇంకో నిమిషం ముందు రౌండుకి వెళ్లుంటే" అనే మాట దాదాపు ప్రతిసారీ వస్తుంది. "నీ తప్పేం లేదులే" అని కొట్టిపారేస్తే మనిషి మూసుకుపోతాడు. ఆ నిమిషంలో అతనికి ఏం తెలుసు, ఇంకా ఏ పనులు మీదున్నాయి అని అడిగితే తనే విడమరుస్తాడు.

నెల గడువు ఊరికే పెట్టింది కాదు. లక్షణాలు నెల దాటితేనే పీటీఎస్‌డీ అంటారు. చాలామంది ఆలోపే తేరుకుంటారు. తేరుకోనివాళ్లను సైకాలజిస్టు దగ్గరకు పంపాలి. డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఫారం నింపిస్తే మొత్తం 27లో 10 లేదా ఆపైన వచ్చిందా అని అందరూ చూస్తారు. నేను మాత్రం ముందు తొమ్మిదో ప్రశ్న చూస్తాను, అది చావు ఆలోచనల గురించి. మొత్తం 6 వచ్చినా అక్కడ సున్నా కాకపోతే ఆ రోజే అడగాలి, సూటిగా.

ఎక్కువగా చెడేది నమ్మకం దగ్గర. విచారణ చేసేవాళ్లు, పనితీరు రిపోర్టు రాసే పై అధికారి ఈ మాటల్లో ఉండకూడదు. నా నోట్సులో ఘటన వివరాలు రాయను, విచారణకు అడిగే ప్రమాదం ఉంది. అంతా గుట్టుగా ఉంచుతానని మాటా ఇవ్వను: ప్రాణాపాయం ఉంటే చెప్పక తప్పదని మొదటే అంటాను.

జాబితాలో తప్పిపోయేవాళ్లు వేరే ఉంటారు: వైర్‌లెస్‌లో అంతా విన్న కంట్రోల్ రూమ్ మనిషి, విచారణ కోసం సీసీటీవీ ఫుటేజీని పదేపదే వెనక్కి తిప్పి కత్తిరించే ఉద్యోగి. ఘటనాస్థలంలో లేరు కాబట్టి వాళ్లనెవరూ అడగరు. మొదటి రోజే వాళ్ల పేర్లూ చేర్చాలి. ఫుటేజీ పని ఇద్దరికి పంచి, శబ్దం ఆపి చేయించాలి.