డయాలసిస్ రికార్డులతో నా అనుభవం

ఆస్పత్రుల్లో వైద్యం ఎంత నాణ్యంగా అందుతోందో రికార్డుల ఆధారంగా పరిశీలించే బృందంలో నేను డేటా సైంటిస్టును. ఉండేది నెల్లూరులో. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు ఏ మోడల్ వాడతారనే అడుగుతారు. దానికి ముందు ఏం జరుగుతుందో ఎవరూ అడగరు కాబట్టి, ఒక డయాలసిస్ యూనిట్ రికార్డుల మీద చేసిన పని గురించి రాస్తున్నాను.

మొదట, ఇలాంటి పరిశోధనలకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీ. పాత రికార్డులను పేర్లు తీసేసి వాడుకునేటప్పుడు రోగుల సమ్మతి నుంచి మినహాయింపు కోరవచ్చు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఆ వీలుంది. కమిటీలో డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్య సభ్యులు కూడా ఉంటారు. అలాంటి సభ్యురాలు ఒకావిడ మా దరఖాస్తు తిరగేసి, "పేరు తీసేశారు సరే. ఊరు, వయసు, డయాలసిస్ మొదలైన తేదీ ఉంచారు కదా. మా ఊళ్లో ఆ మూడూ చెబితే మనిషెవరో టీకొట్టు దగ్గరే చెప్పేస్తారు" అన్నారు. ఊరి బదులు మండలం, వయసు బదులు పదేళ్ల వర్గం, తేదీ బదులు నెలల లెక్క పెట్టి మళ్లీ సమర్పించాం. మాకు ఎదురైన ప్రశ్నలన్నిటిలో పదునైనది అదే.

తర్వాత పేర్ల చిక్కు. ఒకే మనిషి రికార్డులన్నీ కలపాలంటే పేరు కావాలి, ఆ పేరేమో మా చేతికి రాకూడదు. అందుకని ప్రోగ్రాం రాసిచ్చాం, రికార్డు గది సిబ్బందే తమ కంప్యూటర్‌లో నడిపారు. బయటికి వచ్చినవి కోడ్ నంబర్లే. మన వైపు ఇది మామూలు తలనొప్పి కాదు. 'షేక్' ఒకచోట పూర్తిగా, ఒకచోట రెండక్షరాల పొట్టిరూపంగా, మరోచోట పేరు చివర ఉంటుంది. మస్తాన్, మస్తానయ్య, మస్తాన్ వలి ఒకరా ముగ్గురా? పెంచలయ్యల సంగతి సరేసరి. జిల్లా గడిని మాత్రం వదిలేశాం. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి రావడంతో, కదలకుండా ఇంట్లో ఉన్న మనిషికి కూడా జిల్లా మారిపోయింది.

ఇక అసలు కొలత. వసతులు, చేసే తీరు, ఫలితం అని నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలని వైద్య నాణ్యత మీద పరిశోధించిన డాక్టర్ డోనబీడియన్ 1966లో చెప్పారు. ఫలితమంటే మరణాలు లెక్కపెట్టవచ్చు గానీ, చిన్న యూనిట్‌లో ఒకటి అటూ ఇటూ అయినా శాతాలు తలకిందులవుతాయి. అందుకే రక్తంలో పేరుకునే వ్యర్థమైన యూరియా డయాలసిస్‌తో ఎంత తగ్గిందో చూశాం. డయాలసిస్‌కు ముందు 120, తర్వాత 36 ఉంటే 70 శాతం తగ్గినట్టు. కనీసం 65 ఉండాలంటారు.

ఈ యూనిట్ అంకెలు అనుమానం వచ్చేంత బాగున్నాయి. ఉదయగిరి బస్సు తప్పిపోతుందని నాలుగు గంటల డయాలసిస్‌ను మూడు గంటలకే ఆపించి లేచిపోయినవాళ్లకు కూడా 75 పైనే! కంప్యూటర్ మూసేసి వెళ్లి యూనిట్‌లో కూర్చున్నాను. డయాలసిస్ చివర తీసే రెండో రక్త నమూనాను, యంత్రంలో రక్తాన్ని తిప్పే పంపు పూర్తి వేగంతో తిరుగుతుండగానే తీస్తున్నారు. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి చేసిన రక్తమార్గం) సరిగా పనిచేయనివాళ్లలో, అప్పుడే శుభ్రమైన రక్తం కొంత మళ్లీ గొట్టంలోకే వస్తుంది. దాన్నే పరీక్షకు పంపితే యూరియా తక్కువ కనిపించక ఏమవుతుంది? పంపు వేగాన్ని నిమిషానికి 100 మిల్లీలీటర్లకు తగ్గించి, ఓ 15 సెకన్లు ఆగి తీయాలి.

"పదిహేను సెకన్లే కదా అంటారు మేడమ్. తర్వాతి షిఫ్టు వాళ్లు తలుపు దగ్గర నిలబడి ఉంటే, అటు ఒకరికి బీపీ పడిపోతుంటే, అవే గుర్తుండవు" అన్నారు టెక్నీషియన్. ఆయన్ని తప్పుపట్టలేను. అన్ని మంచాలకూ ఆయన, ఒక నర్సు. మేం చేయగలిగిందల్లా రిజిస్టర్‌లో 'పంపు తగ్గించారా' అని ఒక గడి చేర్చమనడం. సీనియర్ నర్సు మర్నాడే స్కేలు పెట్టి గీసేశారు.

తర్వాతి నెలల్లో సగటు దిగింది. దిగుతుందని ముందే చెప్పినా, "మీరొచ్చాక నాణ్యత పడిపోయిందేమిటి?" అని యాజమాన్యం నిలదీసింది. గ్రాఫ్ మధ్యలో నిలువు గీత పెట్టి, దానికి ఎడమవైపు అంకెలను కుడివైపు వాటితో పోల్చరాదని కింద రాశాం. ఆ గమనికను గ్రాఫ్ కిందే ఉంచాలా, చివరి పేజీకి పంపాలా అన్నదాని మీద ఇంకో సమావేశం జరిగింది. కిందే ఉంది.