కర్రకి చొక్కా

మా ఇల్లు పెదవాల్తేరులో, మూడో అంతస్తు. బాల్కనీలో నిలబడి మెడ కాస్త సాగదీస్తే రెండు మేడల సందులోంచి అరచేయంత సముద్రం కనబడుతుంది. సముద్రం అరచేయంతే, ఉప్పు మాత్రం ఇల్లంతా. కిటికీ గొళ్ళేలు, గొడుగు చువ్వలు, బాల్కనీ బల్బు హోల్డరు, ఏదీ మూడేళ్ళకు మించి తిన్నగా ఉండదు. విశాఖలో కాపురం అంటే సగం తుప్పుతో కాపురం.

నేనొక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటుని. పిల్లలు తెంపిన వైర్లు అతకడం నా ఉద్యోగంలో భాగం. ఇంటికొచ్చాక అదే పని జీతం లేకుండా చేస్తాను. చాలా ఏళ్ళు నల్ల టేపుతోనే నెట్టుకొచ్చాను. మే నెల వచ్చేసరికి ఆ టేపు జిగురు కరిగి పక్కకి జారుతుంది. అంచు లేస్తుంది. ముట్టుకుంటే వేలికి బంక, ఆ బంకకి దుమ్ము, దుమ్ములో ఒక చీమ. ఇంట్లో చిరాకులు సగం అక్కడే మొదలయ్యేవి.

తర్వాత హీట్ ష్రింక్ ట్యూబు అలవాటైంది. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో 'హీట్ స్లీవ్' అంటే మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. చూడ్డానికి మామూలు ప్లాస్టిక్ గొట్టం. వేడి చూపిస్తే ముడుచుకుని లోపలున్నదాన్ని పట్టేస్తుంది. ఎందుకు ముడుచుకుంటుందని ల్యాబులో పిల్లలు అడుగుతుంటారు. నేను చెప్పేది ఇదీ: గొట్టాన్ని ముందు సన్నగానే తయారు చేస్తారు. ఎలక్ట్రాన్ల కిరణంతో దాని అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేస్తారు. ఆ తర్వాత వేడి చేసి, లావుగా ఉబ్బించి, అలాగే చల్లార్చేస్తారు. మనం మళ్ళీ వేడి చేసినప్పుడు అది కొత్తగా చేసేదేమీ లేదు, పుట్టినప్పటి సైజుకి తిరిగి వెళ్ళిపోతుందంతే. 1957లో అమెరికాలో పాల్ కుక్ మొదలుపెట్టిన రేకెమ్ అనే కంపెనీ ఈ కిరణాల విద్యతోనే పైకొచ్చింది.

మామూలుగా దొరికేది పాలియోలిఫిన్ అనే ప్లాస్టిక్ రకం. సుమారు 90 డిగ్రీల దగ్గర కదలడం మొదలుపెట్టి, 120 దాటేసరికి పూర్తిగా బిగుస్తుంది. 2:1 అని రాసి ఉంటే 6 మిల్లీమీటర్ల గొట్టం 3కి దిగుతుంది. పొడవు కూడా కాస్త తగ్గుతుంది, కాబట్టి జాయింటుకి సరిగ్గా కోస్తే చివర్లు చాలవు. రెండు పక్కలా అర సెంటీమీటరు ఎక్కువ ఉంచుకోవాలి.

ఇవన్నీ తెలిసిన మనిషి కూడా చేసే తప్పు ఒకటుంది. వైర్లు మెలేసి, సోల్డరింగ్ పెట్టి, లెడ్ మెరిసేలా చల్లారాక చూస్తే గొట్టం ముక్క బల్ల మీదే ఉంటుంది. వైరులోకి ముందు తొడగలేదన్నమాట. మళ్ళీ కోయాలి, మళ్ళీ అతకాలి, వైరు ఇంకో అంగుళం పొట్టి అవుతుంది. నా హెడ్‌ఫోన్ తీగ అలా మూడుసార్లు కుదించుకుపోయి, చివరికి ఫోను జేబులో పెట్టుకుంటే మెడ వంచి నడవాల్సి వచ్చింది. అప్పట్నుంచి సోల్డరింగ్ పొగ వాసన తగిలితే చాలు, వంటింట్లోంచి మా ఆవిడ ఒక్కటే మాట: "ఏమండీ, స్లీవ్ వేశారా?"

ఫోను చార్జర్ మెడ దగ్గర చిరగడం అందరిళ్ళలో ఉన్న రోగమే. దానికి 2:1 పనికిరాదు. ప్లగ్గు మీదుగా దూరాలంటే 10 మిల్లీమీటర్లదైనా కావాలి, అది సగమయ్యేది 5కి, వైరేమో మూడున్నర. లోపల లొడలొడలాడుతుంది. 3:1 రకం, లోపల జిగురు పూసినది తెచ్చుకోవాలి. వేడికి ఆ జిగురు కరిగి అంచుల్లోంచి సన్నగా బయటికి వస్తుంది. అలా వచ్చిందంటే లోపలికి గాలి వెళ్ళే దారి మూసుకుపోయినట్టే. బాల్కనీ బల్బు జాయింటుకి వేసింది ఆ రకమే, రెండు వానాకాలాలు దాటింది.

కరెంటుతో సంబంధం లేని చోట మాత్రం నా చేతికి అడ్డూ అదుపూ లేదు. బాల్కనీలో బట్టలారేసే ఇనప కొక్కేలకి తొడిగాను, ఇప్పుడు తెల్ల చొక్కాలకి తుప్పు మరక లేదు. మా వాడి బూట్ల లేసుల చివర్లకి తొడిగాను. బీరువా తాళాలకి ఎరుపు, స్కూటర్ తాళానికి పసుపు. ఇస్త్రీ పెట్టె వైరు పగిలినప్పుడు మాత్రం ఆవిడ "దీనికీ ఆ గొట్టమేదో తొడగండి" అంటే ఒప్పుకోలేదు. అంత కరెంటు పారే తీగకి, రోజూ మెలితిరిగే చోట, పైన తొడుగు వేసి బాగయిందనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. కొత్త వైరు వేయించాను.

ఇక అసలు సంగతి, ఫిషింగ్ రాడ్.

నాది తొమ్మిదడుగుల గ్లాస్ ఫైబర్ రాడ్. ఆదివారం తెల్లవారితే మా బావమరిది, నేను జోడుగుళ్ళపాలెం రాళ్ళ దగ్గరికి పోతాం. నాలుగేళ్ళ ఉప్పుకి, ఎండకి రాడ్ పిడి మీద స్పాంజి పెచ్చులుగా ఊడిపోయింది. గళ్ళ అచ్చు ఉన్న ష్రింక్ ట్యూబు ప్రత్యేకంగా పిడుల కోసమే దొరుకుతుంది. 35 మిల్లీమీటర్లది తెప్పించాను. అడుగున రబ్బరు టోపీ పీకి, కిందనుంచి తొడిగాను. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్‌తో పదిహేను నిమిషాలు ఊదితే నా చెయ్యి కాలింది గాని గొట్టం కదల్లేదు. తర్వాత కెటిల్‌తో నీళ్ళు మరిగించి సింకులో పోశాం. పిడి సింకులో, రెండో కొస హాల్లో టీవీ ముందు, మధ్యలో మా అబ్బాయి దాన్ని మోస్తూ. సగం బిగిసింది. చివరికి హీట్ గన్ అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. తొందరలో రెండు చివర్లూ ముందు బిగించేశాను, మధ్యలో గాలి ఇరుక్కుని నూనెలో వేసిన పూరీలా ఉబ్బింది. మధ్యలో మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుకుంటూ పోవాలని అప్పుడు తెలిసింది. సూదితో పొడిచి ఉబ్బు దించాను. ఆ మచ్చ ఇప్పటికీ నా బొటనవేలి కిందే ఉంటుంది.

పిడి బాగా కుదిరేసరికి ధైర్యం పెరిగింది. తాడు దూరే రింగుల్లో కొసకి దగ్గర్లో ఉన్నదాని కట్టుదారం ఊడి, రింగు ఊగుతోంది. దానికీ గొట్టమే వేద్దామనుకున్నాను. ఇక్కడొక చిక్కుంది. రాడ్ పొడవునా రింగులుంటాయి, వాటిని దాటించేంత లావు గొట్టం తెస్తే అది సన్నటి కర్రని పట్టేంత ముడుచుకోదు. కొస రింగు తీసి అటునుంచి తొడగాలి. కొస రింగుని జిగురుతోనే పెడతారు కాబట్టి లైటర్ వేడి కాసేపు దూరం నుంచి చూపిస్తే వచ్చేస్తుంది. అలా కొస పక్కనున్న రింగు ఒక్కదానికే ఈ దారి. మంట దగ్గర పెడితే రాడ్‌లో గాజు పోగుల్ని అతికి పట్టే రెసిన్ పాడవుతుంది, అదో భయం. ఎలాగో రెండు ముక్కలు తొడిగి, రింగు కాళ్ళు వాటి కిందకి దూర్చి బిగించాను. చూడ్డానికి కంపెనీలో చేసినట్టే ఉంది. ఫొటో తీసి బావమరిదికి పంపాను కూడా.

ఆ ఆదివారం రొయ్య ఎర వేసి, అరగంట కూర్చున్నాక ఒక్క లాగు లాగింది. పార చేపే అయ్యుండాలి, అంత బలం. రాడ్ వంగింది. రింగు మెల్లగా కర్ర చుట్టూ పక్కకి తిరిగింది, తాడు కర్రకి రాసుకుంది, టప్పుమంది. "ఏటి బావా, అంతేనా?" అన్నాడు మా బావమరిది. అంతే.

అది మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం కదా, జాలారిపేట పెద్దాయన ఒకాయన గట్టున కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. నా రాడ్ చేతిలోకి తీసుకుని వేలితో తడిమాడు.

"కర్రకి సొక్కా తొడిగినావేటి బాబూ?"

సంగతి చెప్పాను.

"సొక్కా మనిసిని పట్టుకుంటాదేటి? దారం సుట్టాల. ఉప్పునీరు దీని కిందకెళ్తే మరి బయటికి రాదు, సూసుకో."

ఇంటికొచ్చి బ్లేడుతో కోసి చూశాను. వేసి పది రోజులు కాలేదు, లోపల తెల్లగా ఉప్పు, రింగు కాలి మీద గోధుమరంగు తుప్పు. గొట్టం చుట్టూ నొక్కి పట్టుకుంటుంది గాని తిరగకుండా ఆపలేదు. నైలాన్ దారం ఒక్కో చుట్టు పక్కపక్కనే లాగి చుట్టి, పైన ఎపాక్సీ జిగురు పూస్తే రింగు, కర్ర ఒకటైపోతాయి. ఆ పని నేర్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. చుట్టడం కన్నా ఎపాక్సీ ఆరేదాకా రాడ్‌ని తిప్పుతూ కూర్చోవడం విసుగు, లేకపోతే కిందకి బొట్టులా జారిపోతుంది. ఒక రాత్రంతా నేను, మా అబ్బాయి వంతులు వేసుకున్నాం.

ట్యూబుని పూర్తిగా మానేయలేదు. పిడి మీద ఉంది. గాలాన్ని కలిపే స్వివెల్ క్లిప్పు మీద చిన్న ముక్క వేస్తాను, నాచు చిక్కుకోదు. వాడని గాలాల మొనలకి తొడిగి పెడతాను, సంచిలో చెయ్యి పెట్టినప్పుడు గుచ్చుకోదు.

మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాం. పార పడలేదు, రెండు గొరకలు పడ్డాయి. రింగు మాత్రం తిరగలేదు.