రసీదు మీద పేరు

2019 జనవరిలో నేను కెన్యా పశ్చిమాన, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న హోమా బే కౌంటీకి వెళ్ళాను. పన్నెండుమంది మిత్రులం నెలనెలా చందాలు వేసుకుని నడుపుకుంటున్న చిన్న సంస్థ మాది. ఉద్యోగులు లేరు, కార్యాలయం లేదు. ఉన్నదల్లా ఒక బ్యాంకు ఖాతా, ఒక పద్దుల పుస్తకం. అక్కడ తల్లిదండ్రులను పోగొట్టుకున్న పంతొమ్మిదిమంది పిల్లల చదువు ఖర్చును అప్పటికి మూడేళ్ళుగా భరిస్తున్నా, మాలో ఎవరమూ ఆ పిల్లలను కళ్ళారా చూడలేదు. బయలుదేరేటప్పుడు నా సంచిలో నలభై పడకల అనాథాశ్రమానికి గీయించిన నమూనా ఉంది. స్థలం దొరికితే రెండేళ్ళలో కట్టేయగలమని మనసారా నమ్ముతూ వెళ్ళాను.

నైరోబీ నుంచి కిసుముకు విమానంలో గంట కూడా పట్టదు. అక్కడి నుంచి, మా తరఫున పిల్లల బాగోగులు చూసే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నన్ను కారులో తీసుకువెళ్ళారు. అహేరో దగ్గర దారి పక్కన వరిమళ్ళు కనిపించేసరికి ప్రాణం లేచివచ్చినట్లయింది. అది అప్పటి పద్ధతి ప్రకారం ఎనిమిదేళ్ళ ప్రాథమిక విద్య ముగించిన పిల్లలు ఫామ్ వన్‌లో, అంటే మన లెక్కన తొమ్మిదో తరగతిలో, చేరే సమయం. ఎదురొచ్చిన మటాటూ వ్యానులలో చాలావాటి కప్పు మీద ఇనుప ట్రంకుపెట్టెలు, చుట్టకట్టిన పరుపులు ఉన్నాయి. పెట్టెల మీద తెల్లరంగుతో పిల్లల పేర్లు రాసి ఉన్నాయి. ఆ పెట్టె, పరుపు కొనలేకనే సీటు వచ్చిన పిల్లను ఇంట్లో ఉంచేసుకునే కుటుంబాలు ఉంటాయని మాస్టారు చెప్పారు. మా పద్దులో 'ఇతర ఖర్చులు' అనే వరుస ఒకటి ఉండేది. దాన్ని తగ్గించమని ఆయనకు రెండుసార్లు రాసింది నేనే.

ఈ ప్రాంతాన్ని ఎయిడ్స్ కుదిపేసినంతగా ఆ దేశంలో మరే ప్రాంతాన్నీ కుదపలేదు. 1999లో నాటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ దాన్ని జాతీయ విపత్తుగా ప్రకటించారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా అందడం మొదలైంది 2006 ప్రాంతంలో. ఆ నడిమి ఏళ్ళలో ఇక్కడ ఒక తరం పలచబడిపోయి, మనుమలను సాకే బరువు ముసలివాళ్ళ మీద పడింది. అలా పిల్లలను చేరదీసిన పేద కుటుంబాలకు ప్రభుత్వం నెలకు 2,000 షిల్లింగుల చొప్పున ఇచ్చే పథకం ఉంది. ప్రాథమిక విద్య 2003 నుంచి ఉచితం. ఉన్నత పాఠశాలల్లో ఒక్కో విద్యార్థికి ఏడాదికి 22,244 షిల్లింగులు ప్రభుత్వమే బడికి ఇవ్వాలి. కాగితం మీద చూస్తే ఇక మాలాంటి వాళ్ళ అవసరమే లేదనిపిస్తుంది. అయితే మధ్యాహ్న భోజనం, యూనిఫాం, బూట్లు, వసతి ఖర్చు ఆ లెక్కలోకి రావు. పిల్లలు బడి మానేసేది సరిగ్గా అక్కడే.

మేము వెళ్ళిన ఇంటి ముందు ఒక వృద్ధురాలు పాత వల పరిచి, దాని మీద ఒమెనా అనే వేలెడంత కూడా లేని వెండిరంగు చేపలను ఎండబెడుతున్నారు. కొడుకునూ కోడలినీ పోగొట్టుకుని, పద్నాలుగేళ్ళ మనుమరాలిని ఆమే పెంచుతున్నారు. ఆ పిల్లకు అంతకుముందు నవంబరులో వచ్చిన ప్రాథమిక విద్య చివరి పరీక్ష ఫలితాల్లో 500కు 361 మార్కులు వచ్చాయి. నానమ్మ లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి, అందులోని కాగితాలను ఒక్కొక్కటిగా చాప మీద పేర్చారు. మార్కుల పట్టీలు, ఫీజు రసీదులు, రెండు మరణ ధ్రువపత్రాలు, అన్నిటికంటే అడుగున, విడిగా మరో కవరులో, పిల్ల జనన ధ్రువపత్రం. ఆ ఒక్క కాగితానికి ఎనిమిది నెలలు పట్టిందట. పిల్ల ఇంట్లోనే పుట్టింది కనుక ఎక్కడా నమోదు లేదు. చీఫ్ అని పిలిచే స్థానిక ప్రభుత్వాధికారి దగ్గర ఉత్తరం తీసుకుని, పట్నానికి నాలుగుసార్లు తిరిగి సాధించారు. అది లేకపోతే విద్యాశాఖ కంప్యూటరులో పేరు ఎక్కదు, పేరు ఎక్కకపోతే ప్రభుత్వం బడికిచ్చే డబ్బు ఆ పిల్లకు రాదు. ఆ తిరుగుళ్ళకైన బస్సు ఛార్జీలను మాస్టారు రాసింది 'ఇతర ఖర్చులు' కిందనే.

ఆ సాయంత్రం నమూనా తీసి చూపించాను. ఆయన చాలాసేపు శ్రద్ధగా చూశారు. ఆశ్రమం కడితే పిల్లలు తప్పకుండా వస్తారని, పూట గడవని నానమ్మలే తెచ్చి దింపుతారని అన్నారు. తర్వాత, ఊరికి దూరంగా పెరిగిన పిల్ల పెద్దయ్యాక తిరిగి వస్తే తండ్రి నేల మీద ఆమె మాట ఎవరు వింటారు, ఆ ముసలామె మంచాన పడితే గుక్కెడు నీళ్ళు ఎవరిస్తారు అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అయినవాళ్ళు ఉన్న పిల్లను పేదరికం కారణంగానే వాళ్ళ నుంచి వేరుచేయకూడదని ఐక్యరాజ్యసమితి 2009లోనే మార్గదర్శకాలు ఆమోదించిందని నాకు తెలుసు. తెలిసి కూడా భవనం గీయించాను. కళ్ళకు కనబడే కట్టడం మీద దాతలకుండే మోజు నాలోనూ ఉందని ఒప్పుకోక తప్పదు.

అంతకంటే నన్ను బాధపెట్టినది మరొకటుంది. మేము బయలుదేరుతుండగా ఆ పిల్ల ఒక మడిచిన కాగితం నా చేతికిచ్చింది. కృతజ్ఞతలు తెలుపుతూ రాసిన ఉత్తరం. మూడేళ్ళుగా టర్ముకొకటి చొప్పున మాకు అందుతున్న ఉత్తరాల్లోని వాక్యాలే, అదే వరుసలో ఉన్నాయి. ఫోటో కోసం ఇప్పుడే యూనిఫాం వేసుకోవాలా అని కూడా అడిగింది. అవి మేము కోరినవే. తల్లీతండ్రీ లేరన్న సంగతిని ఒక పిల్ల చేత ఏడాదికి మూడుసార్లు రాయించుకున్నాం. వద్దమ్మా అన్నాను. తిరిగి వచ్చాక ఆ నిబంధన తీసేయించాను. ఇద్దరు మిత్రులు చందా మానేశారు, అయినా అది సరైన పనేనని ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడు ట్రంకుపెట్టెను కారులో పెట్టుకుని నలుగురం బడికి వెళ్ళాం. ఫీజు మా ఖాతా నుంచి నేరుగా బడి ఖాతాకే వెళ్ళింది కనుక అక్కడ మిగిలింది రసీదు తీసుకోవడమే. ఎవరి పేరున రాయమంటారని గుమస్తా అడిగారు. సంస్థ పేరు చెప్పబోతుండగా మాస్టారు నానమ్మ వైపు చేయి చూపించారు. ఆమె తన పేరు చెబుతుంటే, మనుమరాలు ఒక్కో అక్షరం విడదీసి గుమస్తాకు అందించింది. రసీదు చేతికి వచ్చాక, చదవడం రాని ఆ పెద్దావిడకు పిల్ల పేరు కింద వేలు పెట్టి చదివి వినిపించింది. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో జనన ధ్రువపత్రం ఉన్న కవరులో దోపి, రెండో టర్ము ఎప్పుడు మొదలవుతుందని మాస్టారిని అడిగారు. ఏప్రిల్ సెలవుల తర్వాత అని ఆయన చెప్పారు.