అంకె కన్నా ముందు కర్వ్: గ్రావిటీ, మాగ్నెటిక్ ఇంటర్‌ప్రిటేషన్‌కు నేను సిద్ధమైన తీరు

యూపీఎస్సీ నిర్వహించే కంబైండ్ జియో-సైంటిస్ట్ పరీక్షలో జియోఫిజిసిస్ట్ పోస్టుకు నేను రెండుసార్లు మెయిన్స్ రాశాను. మొదటిసారి గ్రావిటీ, మాగ్నెటిక్ ప్రశ్నలు, అంటే నేల మీద గురుత్వాన్ని, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి కింద ఏముందో చెప్పే ప్రశ్నలు, చూడగానే అన్నీ తెలిసినవేననిపించింది. సూత్రాలన్నీ నోటికి వచ్చు, అయినా మార్కులు రాలేదు. ఇంటికి వచ్చి, రాసిన జవాబులను గుర్తు తెచ్చుకుని మళ్లీ కాగితం మీద పెట్టినప్పుడు లోపం ఎక్కడుందో తెలిసింది. ప్రతి లెక్కలోనూ అంకె కోసం పరుగెత్తానే తప్ప, ఆ అనామలీ కర్వ్ (మామూలు విలువ నుంచి కొలతలో వచ్చే తేడాను చూపే గీత) ఎలా ఉండాలో, అది పైకి లేవాలో కిందికి దిగాలో ఒక్కచోట కూడా ముందుగా గీసి చూసుకోలేదు. రెండో ప్రయత్నంలో నేను మార్చుకున్నది ముఖ్యంగా ఈ అలవాటునే.

గ్రావిటీ రీడింగులో ఎత్తు, చుట్టూ ఉన్న నేల ప్రభావాన్ని తీసేసే కరెక్షన్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎత్తుకు చేసే ఫ్రీ ఎయిర్ కరెక్షన్ మీటరుకు 0.3086 మిల్లీగాల్ (గురుత్వాన్ని కొలిచే చిన్న యూనిట్), కింద ఉన్న రాతి పొర (స్లాబ్) ఆకర్షణను తీసేసే బూగేర్ కరెక్షన్ 2.67 సాంద్రతకు మీటరుకు 0.1119 మిల్లీగాల్, మొదటిది కలిపి రెండోది తీసేస్తే మిగిలేది 0.1967 అని అందరికీ కంఠతా ఉంటుంది. తడబడేది చుట్టూ ఉన్న కొండలు, లోయల కోసం చేసే టెర్రెయిన్ కరెక్షన్ దగ్గరే. పక్కన కొండ ఉంటే అది పైకి లాగి రీడింగును తగ్గిస్తుంది. పక్కన లోయ ఉంటే అక్కడ లేని రాయిని కూడా బూగేర్ స్లాబ్ పేరుతో మనం ముందే తీసేసి ఉంటాము. అందుకే రెండు సందర్భాల్లోనూ ఈ కరెక్షన్‌ను కలపాలి. బొమ్మ వేసుకున్న తరువాత నేను దీన్ని మళ్లీ తప్పు చేయలేదు.

ఇంటర్‌ప్రిటేషన్‌లో నాకు నిజంగా కళ్లు తెరిపించిన లెక్క ఒకటుంది. గ్రాఫ్ కాగితం మీద గరిష్ఠంగా 0.5 మిల్లీగాల్ ఉండే కర్వ్ ఒకటి గీసి, అందులో సగం విలువ దగ్గర, అంటే 0.25 వద్ద, కేంద్రం నుంచి దూరం 100 మీటర్లు ఉండేలా పెట్టుకున్నాను. కింద ఉన్నది గోళమనుకుంటే కేంద్రపు లోతు ఆ దూరానికి 1.305 రెట్లు, అంటే 130.5 మీటర్లు, అదే అడ్డంగా పడుకున్న సిలిండర్ అనుకుంటే లోతు సరిగ్గా 100 మీటర్లు. కర్వ్ మీద కొలిచిన హాఫ్ విడ్త్ (ఆ 100 మీటర్లు) ఒక్కటే, లోతులు మాత్రం రెండు. నాన్-యూనిక్‌నెస్ అని పుస్తకంలో వంద సార్లు చదివినదాని అర్థం ఆ రాత్రి ఆ కాగితం మీద కనబడింది. గోళమనే అనుకుని ముందుకు వెళితే, చుట్టూ ఉన్న రాయి కన్నా అక్కడ ఎక్కువగా ఉన్న అదనపు ద్రవ్యరాశి సుమారు 12.8 లక్షల టన్నులు వస్తుంది. చాలామంది దీన్నే ఖనిజపు బరువుగా రాసి వదిలేస్తారు. మొదటిసారి నేను చేసిందీ అదే. ఖనిజం సాంద్రత 4.0, చుట్టూ ఉన్న రాయిది 2.7 అయితే ఆ అంకెను 4.0/1.3 తో గుణించాలి, అప్పుడు అసలు బరువు సుమారు 39 లక్షల టన్నులు. మూడు రెట్ల తేడా!

రీజనల్ (విశాలమైన, లోతైన ప్రభావం), రెసిడ్యువల్ (అది తీసేశాక మిగిలే స్థానిక భాగం) విడదీయడం గురించి రాయాల్సి వచ్చినప్పుడు మనకు దగ్గరి ఉదాహరణలు వాడుకోవడం మేలని నా అభిప్రాయం. కడప బేసిన్ నైరుతి భాగంలో, అవక్షేపాలున్న చోటే, గ్రావిటీ హై (చుట్టుపక్కల కన్నా ఎక్కువ విలువ) కనిపిస్తుంది. కింద బరువైన మాఫిక్ శిలలు చొచ్చుకుని ఉన్నాయని దానికి వివరణ ఇస్తారు. ప్రాణహిత-గోదావరి గ్రాబెన్ (రెండు పగుళ్ల మధ్య కిందికి దిగిన నేల) మీద మాత్రం తేలికైన అవక్షేపాల వల్ల లో (తక్కువ విలువ) వస్తుంది. బేసిన్ అనగానే లో అని రాసేసేవారికి కడప మంచి హెచ్చరిక.

మాగ్నెటిక్ దగ్గర ఇబ్బంది వేరే రకం. చాలా పుస్తకాల్లోని బొమ్మలు 60, 70 డిగ్రీల ఇంక్లినేషన్‌కు (భూమి అయస్కాంత క్షేత్రం నేలతో చేసే కోణానికి) గీసినవి కాబట్టి, వస్తువు పైన పెద్ద హై, ఉత్తరాన చిన్న లో మనకు అలవాటైపోతాయి. మన తెలుగు ప్రాంతాల్లో ఇంక్లినేషన్ 30 డిగ్రీల లోపే. ఆ కోణం సున్నా అయ్యే మాగ్నెటిక్ ఈక్వేటర్ తమిళనాడు దక్షిణ కొసకు దగ్గరగా వెళుతుంది. కేవలం ఇండక్షన్ (ఇప్పటి భూమి క్షేత్రపు ప్రభావం) వల్ల అయస్కాంతీకరణ పొందిన చిన్న వస్తువు మీద ఇక్కడ లో పెద్దదిగా వస్తుంది, హై దక్షిణం వైపు నిలుస్తుంది. సరిగ్గా ఈక్వేటర్ మీదైతే మధ్యలో లో, ఉత్తర దక్షిణాల్లో సమానమైన రెండు హైలు. అక్కడే ఉత్తర-దక్షిణంగా పరుచుకున్న పొడవాటి డైక్ (పగులులోకి చొచ్చుకుని గట్టిపడిన రాతి పలక) ఉంటే, అది తన పొడవు వెంటే అయస్కాంతీకరణ పొందుతుంది కనుక కొసల దగ్గర తప్ప దాదాపు ఏమీ చూపించదు. మ్యాపులో కనబడనంత మాత్రాన డైక్ లేదని రాయకూడదు. నేను 0, 20, 45, 90 డిగ్రీలకు ఒకే గోళం మీద నాలుగు ప్రొఫైళ్లు గీసి గోడకు అంటించుకున్నాను. నెల రోజుల్లో అవి చేతికి వచ్చేశాయి.

అనామలీని ధ్రువం దగ్గర కొలిచినట్టుగా మార్చే రిడక్షన్ టు పోల్ ఫిల్టర్ వాడితే సరిపోతుందని ఒక్క వాక్యంలో ముగించడం కూడా పొరపాటే. తక్కువ ఇంక్లినేషన్ దగ్గర ఆ ఫిల్టర్ నాయిస్‌ను విపరీతంగా పెంచి, మ్యాపు నిండా ఉత్తర-దక్షిణ చారలు పుట్టిస్తుంది. అందుకే అనలిటిక్ సిగ్నల్ (అయస్కాంతీకరణ దిశపై అంతగా ఆధారపడని పద్ధతి) గురించి, రెమనెన్స్ (రాయిలో పాతకాలం నుంచి నిలిచిపోయిన అయస్కాంతీకరణ) గురించి రెండు మాటలు తప్పక చేర్చేవాడిని. దక్కన్ ట్రాప్ బసాల్టుల్లో పెద్ద భాగం రివర్స్ పోలారిటీ (ఇప్పటి క్షేత్రానికి వ్యతిరేక దిశలో రెమనెన్స్) కలిగినది. అక్కడ ఇండక్షన్ ఒక్కటే ఉందనుకుంటే అనామలీ ప్లస్, మైనస్ గుర్తే తారుమారవుతుంది.

యూనిట్ల గురించి ఒక మాట. ససెప్టిబిలిటీని (రాయి ఎంత సులువుగా అయస్కాంతీకరణ పొందుతుందో చెప్పే విలువను) సీజీఎస్ యూనిట్ల నుంచి ఎస్‌ఐకి మార్చేటప్పుడు 4π తో గుణించడం మరిచి, మొదటి ప్రయత్నంలో ఒక లెక్క మొత్తాన్ని పోగొట్టుకున్నాను. రెండోసారి జవాబు పత్రం తెరవగానే చివరి పేజీలో, రఫ్ వర్క్ అని రాసి, దాని కింద మొట్టమొదట వేసుకున్నది ఆ 4π విలువ, 12.57 అంకెనే.