క్షణికావేశం అనే మాట పిల్లల ముందు

భార్యను చంపిన కేసులో శిక్ష పడిందన్న వార్త ఇంగ్లండ్‌లోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోకి రాగానే, దాని వెనకాలే మూడు రకాల మాటలు దిగుతాయి. "పద్దెనిమిదేళ్లేనా? మన దగ్గరైతే ఉరే." "పాపం, క్షణికావేశంలో చేసుంటాడు." "అంత నరకమైతే ఆ అమ్మాయి బయటికి వచ్చేయొచ్చుగా?" వాయిస్ మెసేజ్ స్పీకర్‌లో మోగుతుంటుంది, పక్కనే అన్నం తింటున్న పన్నెండేళ్ల పిల్ల చెవులు రిక్కించి వింటుంటుంది. హత్య సంగతి ఆ పిల్లకి బడిలోనే తెలిసిపోయి ఉంటుంది. అమ్మానాన్నలు ఎవరి వైపు మాట్లాడతారో మాత్రం అప్పుడే తెలుస్తుంది.

ఇక్కడి బడుల్లో 2020 సెప్టెంబరు నుంచి రిలేషన్‌షిప్స్ ఎడ్యుకేషన్ తప్పనిసరి పాఠం. భయపెట్టి అదుపులో పెట్టుకోవడం ప్రేమ కాదని మన పిల్లలు క్లాసులో వింటున్నారు. ఇంటికొచ్చి దానికి అడ్డంగా ఇంకో మాట విన్నప్పుడు మనతో వాదించరు. ఇలాంటివి ఇంట్లో అడగకూడదని తీర్మానించుకుని ఊరుకుంటారు. అందుకే ఆ మూడు మాటలకీ మన దగ్గర సరైన జవాబు ఉండాలి.

అంకె సంగతి ముందు తేల్చుకుందాం. ఇంగ్లండ్, వేల్స్ చట్టంలో హత్యకి ఒకటే శిక్ష, యావజ్జీవం. 1964 ఆగస్టు తర్వాత ఇక్కడ ఎవరినీ ఉరి తీయలేదు. 1965 చట్టంతో హత్యకి మరణశిక్ష పోయి యావజ్జీవం వచ్చింది. జడ్జి చేతిలో ఉండేది మినిమమ్ టర్మ్ మాత్రమే, అంటే పెరోల్ బోర్డు ముఖం చూడ్డానికి ముందు కచ్చితంగా లోపల గడపాల్సిన కాలం. పేపర్లో "18 ఏళ్లు" అని కనిపించేది అదే. అందులో సగానికో మూడింట రెండు వంతులకో వదిలేయడం ఉండదు. విచారణ ఖైదీగా గడిపిన రోజులు మాత్రం తీసేస్తారు.

లెక్క పిల్లల ముందు కాగితం మీద వేసి చూపించండి. మినిమమ్ టర్మ్ 19 ఏళ్లు అనుకుందాం, తీర్పుకి ముందే 280 రోజులు జైల్లో ఉన్నాడు. ఇంకా మిగిలింది 18 ఏళ్ల 85 రోజులు. ఇప్పుడతనికి 38 అయితే, విడుదల గురించి అడిగే వీలు మొదటిసారి వచ్చేది 56వ ఏట. అప్పుడైనా వదులుతారన్న హామీ లేదు. ప్రమాదం ఉందనుకుంటే బోర్డు కాదంటుంది. వదిలినా బతికినంతకాలం లైసెన్సు మీదే, అంటే షరతులకి లోబడే ఉంటాడు, షరతు తప్పితే మళ్లీ లోపలికే.

ఆ 18, 19 ఎక్కణ్నుంచి వస్తాయన్నది పెద్ద పిల్లలు అడుగుతారు. చట్టంలో మొదలుపెట్టే అంకెలు కొన్ని ఉన్నాయి. తుపాకీతోనో డబ్బు కోసమో చేసిన హత్యల వంటి వాటికి 30 ఏళ్లు. కత్తిని వెంట తీసుకెళ్లి చంపితే 25. ఈ రెండిట్లోకీ రాని మామూలు హత్యకి 15. ఇళ్లల్లో జరిగేవి ఎక్కువగా ఈ చివరి దాంట్లోకే వస్తాయి, ఎందుకంటే కత్తి వంటింట్లోనే ఉంటుంది, ఎక్కణ్నుంచో మోసుకురానక్కర్లేదు. వీధిలో చంపినవాడికీ వంటింట్లో చంపినవాడికీ పదేళ్ల తేడా ఏమిటని చనిపోయిన ఆడపిల్లల కుటుంబాలు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాయి. న్యాయమైన ప్రశ్నే. 2023లో క్లేర్ వేడ్ అనే సీనియర్ న్యాయవాది ఇచ్చిన సమీక్ష బయటికొచ్చాక, 2024 ఫిబ్రవరి నుంచి చట్టంలో కొంత మారింది. హంతకుడు అంతకుముందు భార్యని అదేపనిగా అదుపులో పెట్టి వేధించి ఉంటే శిక్ష పెంచాలి, చంపడానికి అవసరమైన దాన్ని మించి విచక్షణ లేకుండా దాడి చేసినా పెంచాలి. హతుడే వేధించినవాడై, ఆ బాధ పడ్డ మనిషే చంపి ఉంటే తగ్గించే అంశంగా చూడాలి. ఈ అంశాలు లెక్కలోకి వచ్చాక 15 కాస్తా 18 కావచ్చు, 20 కావచ్చు. నేరం ఒప్పుకుంటే ఆరో వంతు దాకా, మహా అయితే అయిదేళ్లు, తగ్గుతుంది.

ఒక్కటి గమనించాలి. హత్య కాకుండా మాన్‌స్లాటర్ (హత్య కన్నా తక్కువ నేరంగా చూసే నరహత్య) కింద శిక్ష పడితే పై లెక్కేదీ పనిచేయదు. అక్కడ 15 ఏళ్లంటే పూర్తి శిక్ష, మధ్యలోనే బయటికొచ్చే వీలుంటుంది. గ్రూపుల్లో రెండు కేసుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు చేసే పొరపాటు ఇదే.

"మన దగ్గరైతే ఉరే" అన్న మాట ఇక్కడి చట్టానికే కాదు, అక్కడి చట్టానికీ సరిపడదు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి ఉరి అత్యంత అరుదైన కేసులకే, హత్యకి మామూలుగా పడేది యావజ్జీవమే. "యావజ్జీవమంటే 14 ఏళ్లు" అనేది ఇంకో నానుడి. మరణశిక్షకి వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, ప్రభుత్వం శిక్ష తగ్గించి వదిలేయాలన్నా 14 ఏళ్లకి ముందు కుదరదని చట్టం. కనీస హద్దుగా పెట్టిన ఆ అంకెని మనవాళ్లు గడువు చేసేశారు. ఇక పెళ్లైన ఏడేళ్లలోపు వరకట్నం వేధింపుల మధ్య భార్య చనిపోతే పెట్టే కేసులో కనీస శిక్ష ఏడేళ్లే. తాతయ్య వీడియో కాల్‌లో కోపంగా మాట్లాడుతున్నప్పుడు ఇవన్నీ చెప్పి ఆయన్ని ఓడించనక్కర్లేదు. కాల్ అయ్యాక పిల్లలకి చెబితే చాలు.

అసలు చిక్కు రెండో మాటతో.

తెలుగు పేపర్లు చదివి పెరిగినవాళ్లకి కొన్ని మాటలు నోట్లోనే ఉంటాయి. కట్టుకున్నవాడే కాలయముడయ్యాడు. అనుమానం పెనుభూతమైంది. క్షణికావేశంలో హతమార్చాడు. ఒక్కొక్క మాటనీ కాస్త దగ్గరగా చూడండి. మొదటిదాంట్లో యముడొచ్చాడు, రెండోదాంట్లో భూతమొచ్చింది, మూడోదాంట్లో ఒక క్షణం వచ్చింది. మూడిట్లోనూ ఆ మనిషి చేసిన పని ఇంకెవరి ఖాతాలోకో పోయింది. మూడోది మరీ ప్రమాదకరం, ఎందుకంటే అందులో జాలి కూడా ఉంది. అయిదేళ్లుగా ఫోను తనిఖీ చేసి, జీతం లాక్కుని, పుట్టింటికి మాట్లాడనివ్వనివాడు చివరి రోజున కత్తి ఎత్తితే, మనం ఆ చివరి క్షణాన్నే చూసి పేరు పెడుతున్నాం.

ఇంగ్లండ్ చట్టంలోనూ ఒకప్పుడు ఇదే ఆలోచన ఉండేది. ప్రొవొకేషన్ అనేవారు, రెచ్చగొడితే ఉన్నట్టుండి తాత్కాలికంగా అదుపు తప్పడం. ఆ వాదన నిలిస్తే హత్య కాస్తా మాన్‌స్లాటర్ అయ్యేది. ఒక్కసారిగా రెచ్చిపోయే మగవాడికి అది అతికినట్టు సరిపోయింది. ఏళ్ల తరబడి దెబ్బలు తిని, భయంతో, మొగుడు నిద్రపోయాక చంపిన ఆడదానికి సరిపోలేదు. పంజాబీ మహిళ కిరణ్‌జీత్ అహ్లువాలియా పదేళ్ల హింస తర్వాత 1989లో భర్తకి నిప్పంటించింది, ఆయన చనిపోయాడు. కోర్టు హత్యగా తేల్చి యావజ్జీవం వేసింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ సంస్థ ఆమె తరఫున నిలబడింది. 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, తర్వాత మాన్‌స్లాటర్‌గా ఒప్పుకుని, అప్పటికే గడిపిన శిక్షతో ఆమె బయటికొచ్చింది. 2010 అక్టోబరు 4 నుంచి ప్రొవొకేషన్ అనే వాదనే చట్టంలో లేదు. దాని బదులు వచ్చిన లాస్ ఆఫ్ కంట్రోల్ (అదుపు కోల్పోవడం) వాదనలో ఉన్నట్టుండి జరగాలన్న నియమం తీసేశారు. భార్యకి వేరే సంబంధం ఉందన్న ఒక్క కారణమే చూపిస్తే అది చెల్లదని కూడా రాసిపెట్టారు. "అక్రమ సంబంధం తెలిసి తట్టుకోలేక" అని మనం సానుభూతిగా అనే మాట ఇక్కడి చట్టంలో ఒంటరిగా నిలబడదన్నమాట.

భారత చట్టంలో తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టుడు అన్న మినహాయింపు ఇంకా ఉంది. అయినా 1959 నాటి నానావతి కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. భార్య ప్రియుణ్ని కాల్చేముందు ఆ నౌకాదళ అధికారి ఓడకి వెళ్లి, అబద్ధం చెప్పి రివాల్వరు తీసుకుని, మధ్యలో మూడు గంటల దాకా గడిపాడు. చల్లబడ్డానికి అది చాలదా అంది కోర్టు. జూరీ, జనం మాత్రం ఆయన వైపే ఉన్నారు. అరవై ఏళ్లు దాటినా ఆ జాలి మన ఇళ్లల్లో ఇంకా ఉందనే చెప్పాలి.

2015 చివరి నుంచి ఇక్కడ, దెబ్బ పడకపోయినా, దగ్గరివాళ్లని పదేపదే అదుపులో పెట్టి భయంలో ఉంచడమే నేరం, అయిదేళ్ల దాకా జైలు. తెలుగులో దీనికి సరిపోయే మాట ఏమిటని పిల్లలు అడిగితే "గుప్పెట్లో పెట్టుకోవడం" అని చెప్పొచ్చు. మనం దాన్ని మెచ్చుకోలుగా కూడా వాడతాం, అది గుర్తుంచుకుంటే మంచిది.

"బయటికి రావొచ్చుగా" అన్న ప్రశ్నకి జవాబు చాలాసార్లు వీసాలో ఉంటుంది. మన అమ్మాయిల్లో చాలామంది భర్త వర్క్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో డిపెండెంట్లుగా వచ్చినవాళ్లు. వీసా షరతుల్లో ప్రభుత్వ సాయానికి అర్హత లేదని ఉంటుంది. ఇల్లు విడిచిపెడితే ఆశ్రయానికి డబ్బెవరు కడతారన్న చోటే ఆగిపోతారు. 2024 ఫిబ్రవరి నుంచి ఇలాంటి డిపెండెంట్లకీ ఒక వెసులుబాటు వచ్చింది, గృహహింస కారణంగా విడిపోతే మూడు నెలలు సొంత హోదాతో ఉండి ప్రభుత్వ సాయం తీసుకోవచ్చు. బ్రిటిష్ పౌరుల, శాశ్వత నివాసం ఉన్నవాళ్ల భార్యలైతే అక్కణ్నుంచి శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. వర్క్ వీసా డిపెండెంట్లకి ఆ దారి లేదు. మూడు నెలల తర్వాత ఏం చేయాలో మొదటి వారంలోనే ఇమిగ్రేషన్ లాయరుని అడగాలి, గడువు చివర్లో అడిగితే చేతులు దాటిపోతుంది. "విడిగా వచ్చేస్తే ఇండియా పంపించేస్తారు" అని మొగుడు బెదిరించడం కూడా అదుపులో పెట్టే పనే.

పిల్లల వయసుని బట్టి ఎంత చెప్పాలన్నది మారుతుంది. ఏడెనిమిదేళ్లవాళ్లకి రెండు వాక్యాలు: ఒకాయన వాళ్లావిణ్ని చంపాడు, ఆయన జైల్లో ఉన్నాడు. ఎలా చంపాడన్నది వద్దు. వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటి, "వాళ్ల పిల్లలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నారు?" మాట దాటేయకండి. చుట్టాలో, పెంచుకునే కుటుంబమో చూసుకుంటారని చెప్పండి. తల్లిని చంపిన తండ్రికి పిల్లల మీద ఉండే చట్టపరమైన అధికారాన్ని శిక్షతో పాటే నిలిపేసే ఏర్పాటుతో 2024లో పార్లమెంటు చట్టం చేసింది, జేడ్స్ లా అంటారు. టీనేజి పిల్లలకి జడ్జి మాటలే చూపించొచ్చు. 2022 జులై నుంచి క్రౌన్ కోర్టుల్లో శిక్ష వేసేటప్పుడు జడ్జి మాట్లాడేది చిత్రీకరించనిస్తున్నారు, పెద్ద కేసుల్లో ఆ మాటలు న్యాయవ్యవస్థ వెబ్‌సైట్‌లో కూడా పెడతారు. ముందు మీరొకసారి చదవండి, గాయాల వివరాలు ఉంటాయి. శిక్ష ఎందుకు పెంచారు, ఎందుకు తగ్గించారు అన్న పేరాలు చాలు.

ఫార్వర్డ్ చేసే విషయంలో పెద్దవాళ్లే ఎక్కువ తప్పులు చేస్తారు. అరెస్టు జరిగిన దగ్గర్నుంచి శిక్ష పడేదాకా కేసు నడుస్తున్నట్టే లెక్క. ఆ మధ్యలో విచారణకి గట్టిగా దెబ్బ తగిలేలా బహిరంగంగా రాస్తే 1981 చట్టం కింద కోర్టు ధిక్కారం కావచ్చు, రెండేళ్ల దాకా జైలు. "వాడికి పాత కేసులున్నాయట" అన్న మాట ఇలాంటిదే. ఇక బతికున్న పిల్లల ఫొటో. వాళ్ల పేర్లు బయటపెట్టొద్దని జడ్జి ఆదేశం ఇచ్చి ఉంటే, ఒక గ్రూపులో బడి పేరు, ఇంకో గ్రూపులో పుట్టినరోజు ఫొటో, మూడోదాంట్లో ఊరు, ఇవన్నీ కలిస్తే ఆ పిల్లలెవరో తెలిసిపోతుంది. సంతాపం తెలపడానికైనా పిల్లలున్న ఫొటో వాడొద్దు.

శిక్ష తక్కువనిపిస్తే సంతకాల సేకరణ కన్నా పనికొచ్చే పని ఒకటుంది. అటార్నీ జనరల్ కార్యాలయానికి శిక్ష మరీ తక్కువైందని ఎవరైనా రాయొచ్చు, చుట్టాలే కానక్కర్లేదు. బయటివాళ్లకి గడువు శిక్ష పడిన రోజు నుంచి 28 రోజులు, అది దాటితే లేదు. ఒక్కరు రాసినా సరిపోతుంది, వెయ్యిమంది రాస్తే బరువు పెరగదు. కోర్టు పేరు, కేసు, శిక్ష తేదీ, ఎక్కడ తక్కువైందనుకుంటున్నారో రాస్తే చాలు.

ఇలాంటి వార్త తర్వాతి వారం పిల్లల్ని కాస్త గమనించాలి. "మా ఫ్రెండ్ వాళ్ల నాన్న కూడా అలాగే అరుస్తాడు" అని ఒక మాట పడేసి వెళ్లిపోతారు. వెంటనే ఆ ఇంటికి ఫోన్ చేయకండి, ఆ మాట మొగుడి చెవిన పడితే ఆ తల్లీపిల్లలకే ముప్పు. బడిలో సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల భద్రత చూసే టీచరుకి చెప్పాలి. 2021 చట్టం ప్రకారం హింసని చూసిన, విన్న పిల్లలు కూడా బాధితులే. తల్లి మాట్లాడగలిగితే నేషనల్ డొమెస్టిక్ అబ్యూస్ హెల్ప్‌లైన్ 0808 2000 247, రోజంతా పనిచేస్తుంది, ఉచితం. పిల్లలకి చైల్డ్‌లైన్ 0800 1111. మొబైల్ నుంచి 999 చేసి మాట్లాడలేని పరిస్థితి అయితే, ఆపరేటర్ అడిగినప్పుడు దగ్గడమో ఫోను మీద తట్టడమో చేయాలి, అదీ వీలుకాకపోతే 55 నొక్కాలి. పిల్లలకి ఇది నేర్పేటప్పుడు ఇంకో సంగతి కలిపి నేర్పండి. 55 నొక్కితే కాల్ పోలీసులకి కలుస్తుంది గానీ, ఎక్కడున్నారో దానంతటది తెలియదు. ఇంటి నంబరు, పోస్ట్‌కోడ్ నోటికి వచ్చి ఉండాలి.